తిరుగు పరుపుల విభాగం

పరుపుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ దివ్యంగా పనిచేస్తోందని ముందుగా మనవి. బిల్లు కొట్టిన ప్రతిసారీ తెర మీద ‘ఈ చిరునామా తప్పు’ అంటూ ఒక ఎర్ర పెట్టె వస్తుంది. గుమాస్తాలు దాన్ని చదవకుండా ‘సరే’ నొక్కుతారు. చదివేవాళ్లకి పనిలో చురుకు లేదని జీతం పెంచరు.

అలా తప్పు చిరునామాకి బయల్దేరిన పరుపు ఊరంతా తిరిగి క్షేమంగా కంపెనీకే వచ్చేస్తుంది. దాన్ని దులిపి మళ్లీ పంపడానికి ‘తిరుగు పరుపుల విభాగం’ వెలసింది. పెద్ద గది, కొత్త ఫ్యాన్లు దానివే. అధిపతి యజమానిగారి బావమరిది.

అలాంటి చోటికి సాఫ్ట్‌వేర్ బాగుచేయడానికి వేరే ఆఫీసు నుంచి ఒక సాఫ్ట్‌వేరమ్మాయి వచ్చింది. పని బాగుందని యజమాని సంతకం పెట్టిన కాగితం శుక్రవారంలోగా తన ఆఫీసుకి చేరితే ఆమె ఉద్యోగం పర్మనెంటు. చేరకపోతే ఇంటికే. పాపం, ఒళ్లు దాచుకోకుండా చిరునామాలన్నీ సరిచేసింది. ఎర్ర పెట్టె మాయమైంది. పరుపులు తిన్నగా కొన్నవాళ్ల ఇళ్లకే వెళ్లిపోయాయి.

కంపెనీలో గగ్గోలు పుట్టింది. గుమాస్తాల వేళ్లు ‘సరే’ కోసం తడుముకున్నాయి. బావమరిది కొత్త ఫ్యాన్ల కింద ఒంటరిగా కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. సాయంత్రానికల్లా యజమానికి భార్య నుంచి ఫోను: “మా తమ్ముడి పొట్ట కొట్టిందెవరండీ?”

యజమాని అత్యవసర సమావేశం పెట్టి గొంతు సవరించుకున్నారు. “చూడమ్మా, మార్పంటే మాకు ప్రాణం. కాకపోతే ఉన్నది ఉన్నట్టుంచి మార్చాలి.”

“అంటే ఆ తప్పు చిరునామాలే మళ్లీ పెట్టమంటారా సార్?”

“తప్పులనకు తల్లీ. మా నాన్నగారి హయాంలోవి.”

ఆమె పాతవన్నీ తెచ్చి పెట్టింది. పెట్టె రంగు మాత్రం ఆకుపచ్చగా మార్చింది. “ఇదీ అభివృద్ధంటే!” అని యజమాని పొంగిపోయి సంతకం పెట్టేశారు.

ఆ కాగితాన్ని కంపెనీ పద్ధతి ప్రకారం కంప్యూటర్లో ఉన్న చిరునామాకే పంపారు. ఆమె ఆఫీసు ఎప్పుడో ఖాళీ చేసిన మేడ అది. ఆకుపచ్చ పెట్టె వచ్చింది, గుమాస్తా ‘సరే’ నొక్కాడు.

శుక్రవారం మధ్యాహ్నమైనా కాగితం రాలేదు. ఆమె తన ఆఫీసు గుమ్మం దగ్గరే కాచుకు కూర్చుంది. ఆఫీసు మూసే వేళకి బావమరిది రొప్పుతూ వచ్చాడు. చేతిలో శుభ్రంగా దులిపిన కవరు. “ఎక్కడెక్కడో తిరిగి మా దగ్గరికొచ్చిందమ్మా. మా విభాగమే లేకపోతే నీ గతేమయ్యేదో ఆలోచించుకో!”

ఆలోచించుకుంది. నిజమేననిపించి కళ్లనిండా నీళ్లతో దండం పెట్టింది.

ఉద్యోగం పర్మనెంటైంది. తన ఆఫీసు కంప్యూటర్లో కొత్త ఉద్యోగం వివరాలు నింపుతుంటే తెర మీద ఏదో పెట్టె వచ్చింది. ఆమె సంతోషంలో ఉంది. మీరూ నేనూ రోజూ చేసేదే తానూ చేసింది. చదవకుండా ‘సరే’ నొక్కింది.