పన్నెండో ఒంటరి మనిషి

మనిషికి మనిషి తోడుండటం అనేది ఇన్నేళ్ళుగా ఎవరి పర్యవేక్షణా లేకుండా, ఏ శిక్షణా లేనివాళ్ళ చేతుల్లో, ఇష్టమొచ్చినట్టు సాగిపోయిన వ్యవహారం. ఈ అరాచకానికి ఉత్తరపు మంచుసీమలోని కుయిచాక్ గ్రామంలో ఒక అక్టోబరు రోజున, నది గడ్డకట్టే ముందు, తెర దించారు. కింది నది గిరిజన సంఘం ఆ రోజున ‘వృద్ధుల ఒంటరితన నివారణ మరియు పరామర్శ సేవల పథకం’ ప్రారంభించింది. సభకు ఊరంతా వచ్చింది. ఆ సాయంత్రం ఊళ్ళో ఒంటరిగా ఉన్నవాడంటూ ఒక్కడూ లేడు. (దీన్ని పథకం సాధించిన తొలి విజయంగా నివేదికలో రాసుకున్నారు.)

సంఘానికి సేవలు కొత్త కాదు. ముసలివాళ్ళకు కట్టెలు కొట్టించి ఇస్తుంది. ఆవిరి స్నానాల గదులకు పొగగొట్టాలు మార్పిస్తుంది. ఆగస్టులో పిల్లల్ని బెర్రీలు ఏరడానికి తీసుకెళ్తుంది. దానికి ‘క్షేత్రస్థాయి పోషకాహార అభ్యాసం’ అని పేరు పెట్టి పిల్లలకు హెల్మెట్లు తొడిగిస్తుంది. అన్నీ మంచి పనులే. ఎఫీమ్ నికొలాయ్ వాటిలో సగం అనుభవించాడు. మిగతా సగానికి వయసు చాలకో, వయసు మించో అనర్హుడయ్యాడు.

ఎఫీమ్ ఊరి బడిలో ముప్ఫై ఏళ్ళపాటు తమ జాతి భాష యూపిక్ చెప్పి విరమించినవాడు. భార్య ఒలింకా పోయి మూడు శీతాకాలాలైంది. అప్పటినుంచి ప్రతి మధ్యాహ్నం అతని మేనమామ కూతురు అగ్రఫీనా తలుపు తట్టకుండా లోపలికి వచ్చేది. (ఆ ఊళ్ళో తలుపు తట్టి వచ్చేది పోలీసులు ఒక్కరే.) ఎండు సాల్మన్ ముక్క సీల్ నూనెలో ముంచుకుని తినేది, మూడు చెంచాల చక్కెరతో టీ తాగేది, అతని జుట్టునో, అతను పట్టిన చేపల పరిమాణాన్నో వెక్కిరించేది. మేనత్త, మేనమామ బిడ్డలు ఒకరినొకరు ఏడిపించుకోవడం అక్కడ హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. వెళ్ళేముందు కప్పులు కడిగి బోర్లించేది. ఇద్దరికీ డెబ్బై దాటాయి.

అర్హుల్ని గుర్తించడానికి పావెల్ వచ్చాడు. సంఘంలో సేవల సమన్వయకర్త, ఎఫీమ్ దగ్గర చదువుకున్నవాడు. చేతిలో టాబ్లెట్, కాళ్ళకు బురద బూట్లు.

“మాస్టారూ, పోయిన వారంలో మిమ్మల్ని ఎవరైనా చూడటానికి వచ్చారా?”

“అగ్రఫీనా వస్తుంది. రోజూ.”

“అయ్యో,” అన్నాడు పావెల్ నిజంగా బాధపడుతూ. “అలాగైతే మీరు ఒంటరి కారు.”

“ఒంటరినే నాయనా. ఆవిడ వెళ్ళిపోయాక.”

పావెల్ తెర మీద పైకీ కిందికీ వెతికాడు. “వెళ్ళిపోయాక అనేదానికి ఇందులో చోటు లేదు మాస్టారూ.”

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆంకరేజ్ నగరంలోని పై కార్యాలయం నుంచి నిధులు రావాలంటే ఊళ్ళో కనీసం పన్నెండుమంది ఒంటరివాళ్ళు ఉండాలి. ఎంత గాలించినా నలుగురే దొరికారు. అందులో ఒకడు వేటకు వెళ్ళాడు, తిరిగొస్తే తేలిపోతుంది. అయినా సంఘం అధైర్యపడలేదు. ముందు సిబ్బందిని తీసుకుంది. పరామర్శ అధికారులుగా ఎవరు పనికొస్తారు? సహజంగానే, ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అందరి బాగోగులు చూసే ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళలో మొదటి పేరు అగ్రఫీనాది.

ఆమె వెంటనే ఒప్పుకుంది. కుయిచాక్‌లో జీతమొచ్చే పని దొరకడం మంచంతా కరిగిపోయిన మే నెలలో మంచుబండి నడపడం లాంటిది. పోయిన చలికాలం హీటరులో నూనె అయిపోయి ఆమె కోటు వేసుకునే పడుకుందని ఊరందరికీ తెలుసు.

శిక్షణ ఇవ్వడానికి ఆంకరేజ్ నుంచి ఒకావిడ చిన్న విమానంలో దిగింది. మూడు సూత్రాలు బోధించింది. ఒకటి, పరామర్శ అధికారి బంధువులకు సేవ చేయరాదు. రెండు, లబ్ధిదారుడి ఇంట్లో తినరాదు, తాగరాదు, అది లంచం కింద లెక్క. మూడు, పని వేళలు దాటాక కూడా బంధువుల ఇళ్ళకు వెళ్ళరాదు, ఒకే సేవ రెండుసార్లు అందించినట్టవుతుంది. పాఠం ముగిసేసరికి పొగమంచు కమ్మి విమానాలు ఆగిపోయాయి. ఆవిడ నాలుగు రోజులు అగ్రఫీనా ఇంట్లోనే ఉండి దుప్పి మాంసం పులుసు తింది. (అది లంచం కాదు, వాతావరణం.)

ఆ ముగ్గురూ తమ తమ బంధువుల ఇళ్ళకు వెళ్ళడం మానేయగానే, ఒంటరివాళ్ళ సంఖ్య రెండు వారాల్లో పన్నెండుకు చేరింది. ఊళ్ళో ఇంత అవసరం దాగి ఉందని ఎవరూ ఊహించలేదు. సర్వే ఆలస్యమై ఉంటే ఎంత నష్టం జరిగేదోనని ఆంకరేజ్ వాళ్ళు ఆందోళన కూడా వెలిబుచ్చారు. పన్నెండో పేరు ఎఫీమ్‌ది.

“శుభవార్త మాస్టారూ,” అన్నాడు పావెల్. “మీరు అర్హులయ్యారు.”

ఎఫీమ్‌కు బంధువు కాని పరామర్శ అధికారిని వెతకడం తేలిక కాలేదు. ఊళ్ళో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. ఆఖరికి బడికి కొత్తగా వచ్చిన లెక్కల టీచరు డెరిక్‌ను గంటల లెక్కన పెట్టుకున్నారు. ఒహాయో నుంచి వచ్చినవాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాడు. అగ్రఫీనాకేమో వాసా అనే ముసలావిడ ఇల్లు పడింది. ఒక బెర్రీల దిబ్బ విషయంలో వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఇద్దరూ గంటసేపు ఎదురెదురుగా గోడల్ని చూస్తూ కూర్చునేవాళ్ళు. నివేదికలో ‘ప్రశాంత వాతావరణం’ అని రాసేవారు.

డెరిక్ గురువారాలు వచ్చేవాడు. కుర్చీ అంచున కూర్చుని ముద్రించిన ప్రశ్నలు అడిగేవాడు. “మీకు ఈ వారం ఎలా ఉంది?”

“బాగానే ఉంది. నీకు?”

డెరిక్‌కు బాగా లేదు. వాళ్ళమ్మ గుర్తొస్తోంది. చీకటి మూడున్నరకే పడిపోతోంది. పిల్లలు తను చెప్పింది విని కనుబొమలు పైకెత్తుతున్నారు, అది అవునని అర్థమని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఎఫీమ్ అన్నీ విన్నాడు. (సేవ ఎవరి నుంచి ఎవరికి అందాలో నిబంధనల్లో స్పష్టంగా ఉంది గానీ, ఆ ఇంట్లో అది తిరగబడి ప్రవహించేది.)

ఇంటికొచ్చినవాడు ఏమీ తినకుండా వెళ్ళడం ఎఫీమ్‌కు పుట్టి బుద్ధెరిగాక తెలియని సంగతి. అందుకని టీ కలిపి బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి నదిని చూస్తూ నిలబడేవాడు. తిరిగి చూస్తే కప్పు ఖాళీగా ఉండేది. ఆవిరైపోయిన టీ గురించి నిబంధనల్లో ఒక్క ముక్క లేదు.

అగ్రఫీనా మాత్రం ఊరుకునే మనిషి కాదు. పరామర్శ అంటే గుమ్మం దాటి లోపలికి రావడం అని నిబంధనల్లో రాసి ఉందని గమనించింది. ఇంజను ఆపకుండానే మంచుబండిని అతని కిటికీ ముందు నిలబెట్టి, ఆ హోరులో అరిచేది.

“బావా, బతికే ఉన్నావా?”

“నువ్వు అరిచేదాకా నిద్రపోతున్నాను.”

“నిద్రపోతే మంచిదే. మెలకువగా ఉన్నప్పుడు నీ మొహం చూడాలంటే వాసా నయమనిపిస్తోంది.”

ఇలా ఒక నెల గడిచింది. తర్వాత ఆంకరేజ్ నుంచి వివరణ వచ్చింది. ఈ పథకం అవసరాల నిమిత్తం కిటికీ కూడా గుమ్మంగానే భావించబడును.

జనవరిలో, అక్కడి చర్చి పాటించే పాత పంచాంగం ప్రకారం, క్రిస్మస్ పండుగ వచ్చింది. నక్షత్రం పట్టుకుని, పాటలు పాడుతూ ఊరంతా ప్రతి ఇంటికీ వెళ్ళే రోజులవి. ఎఫీమ్ ఇంటికీ వస్తారు. యాభైమంది ఒక్కసారి వస్తే అతని ఒంటరితనం ఏం కావాలి? కమిటీ రెండు పూటలు కూర్చుంది. చివరికి, వచ్చేది నక్షత్రమనీ, వెంట ఉన్నవాళ్ళు దాన్ని మోసేవాళ్ళు మాత్రమేననీ తేల్చారు. అలా అగ్రఫీనా మోసేదాని హోదాలో లోపలికి వచ్చింది. అందరితో కలిసి పాడింది, తింది. అందరూ బయటికి కదులుతుంటే ఆమె వంటింట్లోకి వెళ్ళి, తొట్టెలో పేరుకున్న కప్పులన్నీ కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ఎఫీమ్ ఆ కప్పుల్ని రెండు రోజులు వాడలేదు.

ఆ తర్వాత ఊరివాళ్ళు మరింత జాగ్రత్త పడ్డారు. వాళ్ళ దయకు హద్దు లేదు. ఏప్రిల్‌లో మళ్ళీ సర్వే ఉంటుంది, ఎఫీమ్ ఒంటరితనం చెడిపోతే లెక్క తగ్గి అగ్రఫీనా ఉద్యోగానికి ముప్పు. ఊరంతా మాట్లాడుకునే రేడియోలో ఎవరో ఒకరు గుర్తుచేసేవారు. “అందరికీ మనవి. ఎఫీమ్ తాతయ్య ఇంటికి ఎవరూ వెళ్ళకండి. పండుగ నాడు ఇప్పటికే ఎక్కువైంది.” మేనల్లుళ్ళు దుప్పి పక్కటెముకలు తెచ్చి వసారాలో పెట్టి, బండెక్కి పారిపోయేవాళ్ళు. ఎఫీమ్ తలుపు తీసేసరికి మాంసం ఉండేది, బండి వదిలిన వేడి పొగ వాసన ఉండేది, మనిషి ఉండేవాడు కాదు.

సర్వేకు ముందురోజు దుకాణంలో బిస్కెట్ల అరల దగ్గర అగ్రఫీనా కనబడింది. దుకాణం బహిరంగ ప్రదేశం కాబట్టి అక్కడ ఎదురుపడటానికి అభ్యంతరం లేదు, ఇద్దరూ ఏదో ఒకటి కొంటున్నంతసేపు.

“రేపు పావెల్ అడుగుతాడు,” అందామె బిస్కెట్ డబ్బా మీద అక్షరాలు చదువుతున్నట్టు నటిస్తూ. “ఒంటరిగా లేనని చెప్పెయ్ బావా. నీ పేరు కొట్టేస్తారు. ఉద్యోగం పోతే పోయింది, నా పాటికి నేను వచ్చి టీ తాగుతా.”

“ఇంకో దారుంది. నన్ను పెళ్ళి చేసుకో. అప్పుడు నువ్వు వచ్చిపోయేదానివి కావు, ఉండేదానివి.”

“పాదిరీ ఒప్పుకోడు, మనం మరీ దగ్గరవాళ్ళం. ఒప్పుకున్నా నీ గురక నేను ఒప్పుకోను. పైగా ఇద్దరి ఆదాయం కలిపి లెక్కేసి ఇద్దరికీ కట్టెలు ఆపేస్తారు.”

“సరే అయితే. చెప్పేస్తాను.”

“చెప్పు. టీ మాత్రం ఎక్కువ మరగనివ్వు. పోయినేడాది గుర్రపు మూత్రంలా ఉండేది.”

“ఈ ఊళ్ళో గుర్రాన్ని ఎప్పుడు చూశావే నువ్వు?”

“నీ టీ తాగాక చూడక్కర్లేదు.”

ఎఫీమ్ ఇంటికి వెళ్ళి కెటిల్ తోమి పెట్టుకున్నాడు.

మర్నాడు సంఘం కార్యాలయంలో పావెల్ అతన్ని కూర్చోబెట్టాడు. ఎఫీమ్ తను అనుకున్నది చెప్పడానికి నోరు తెరవబోతుంటే, పావెల్ గొంతు తగ్గించాడు.

“మీ ఒక్కరి గురించే భయంగా ఉంది మాస్టారూ. వాసా పెద్దమ్మ చెల్లెలు ఇక్కడికి మారిపోవడంతో ఆవిడ పేరు పోయింది. వేటకెళ్ళినాయన తిరిగొచ్చాక ఆయన పేరూ పోయింది. ఎలాగో ఇద్దరి చోటా ఇంకో ఇద్దర్ని చేర్చాం. లెక్క సరిగ్గా మీతో పన్నెండు. పదకొండైతే పథకం మూసేస్తారు. అగ్రఫీనా పిన్ని ఈ నెలే హీటరు మార్పించింది, వాయిదాల మీద.”

“ఆ సంగతి నాకు చెప్పలేదే.”

“మీకు ఎలా చెప్తుంది మాస్టారూ? మీ ఇంటికి రాదుగా.”

ఎఫీమ్ కిటికీలోంచి చూశాడు. నది మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది, అంచుల్లో మాత్రం నీళ్ళు కనిపిస్తున్నాయి. అగ్రఫీనా ఇంటి గొట్టంలోంచి పొగ తిన్నగా పైకి లేస్తోంది.

“అడుగు,” అన్నాడు.

“గత నెలలో మీకు ఒంటరిగా అనిపించిందా? ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ.”

ఎఫీమ్‌కు అబద్ధమాడే అవసరం రాలేదు. ఆ విషయంలో పథకం తన పని తాను చక్కగా చేసింది.

పావెల్ జవాబు నొక్కి, చాలా రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నవాడిలా వెనక్కి వాలాడు. ఫలితాలు ఇంత స్థిరంగా ఉన్న ఊరు ఇంకొకటి లేదనీ, వచ్చే ఏడాది ఇంకో ఇద్దరు పరామర్శ అధికారులకు అనుమతి ఇచ్చారనీ చెప్పాడు.

“మీకు అందరూ తెలుసు మాస్టారూ. ఇల్లిల్లూ తిరిగి అందర్నీ పలకరించే మంచివాళ్ళెవరో మీరే చెప్పండి.”

ఎఫీమ్ చాలాసేపు ఆలోచించి, పదేళ్ళుగా ఎవరి గడపా తొక్కని ఇద్దరి పేర్లు చెప్పాడు.