ఏడుపు లేని ఇల్లు

ఆ పొద్దున బుజ్జత్త వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పిల్లలు ఎప్పటిలాగే వస్తారు. భోజనాల వేళలోపు తనిఖీ అధికారిణి వస్తారు. ఇల్లు చూస్తారు, పిల్లల్ని చూస్తారు, నచ్చితే అనుమతి ఇచ్చి వెళతారు. నచ్చకపోతే మాత్రం గుమ్మం మీదున్న శిశు సంరక్షణ కేంద్రం బోర్డు దించేసుకోవాలి.

బుజ్జత్త అసలు ఎవరికి అత్తో ఎవరికీ తెలియదు. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పిల్లల్ని ఆమె దగ్గర దింపి వెళ్లడం మొదలుపెట్టాక, వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తోంది. ఆమెకు సొంత పిల్లలు లేరు. ముందుగది నిండా పాకేవాళ్లూ పరిగెత్తేవాళ్లూ పడేవాళ్లూ ఉన్నంతసేపు ఆ సంగతి ఆమెకు గుర్తు కూడా రాదు. బోర్డు దించేస్తే పొద్దున్నే లేచి ఏం చేయాలన్నది ఆమెకు ఎంత ఆలోచించినా తోచలేదు. తోచకపోయేసరికి మళ్లీ పనిలో పడింది.

మెట్ల దగ్గరున్న చిన్న గేటుకు గడియ ఊడిపోయిందని ఆఖరి నిమిషంలో కనిపెట్టింది. గడియ లేని గేటు చూస్తే ఏ అధికారి అయినా ముందు దాని గురించే అడుగుతారు. బజారుకు వెళ్లి కొత్త గడియ తేవాలి. సాయానికని సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న భర్తను పిలిచి, "నేను ఇట్టే వచ్చేస్తాను. పిల్లలు ఏడవకుండా చూడండి, చాలు," అంది.

ఇదే మాట పక్కింటావిడతో అన్నా, దారిన పోయే దానయ్యతో అన్నా, పిల్లల్ని కాస్త కనిపెట్టుకుని ఉండమంటోందని అర్థం చేసుకునేవారు. కానీ ఆమె అన్నది కొలబద్ద గారితో.

కొలబద్ద అన్నది ఆయనకు బిస్కట్ల ఫ్యాక్టరీలో తోటివాళ్లు పెట్టిన పేరు. ఆయన అక్కడ నాణ్యత చూసే అధికారి. లక్ష్యాన్ని కొలవగలిగేలా చెప్పాలి, చెప్పాక పట్టు వదలకుండా సాధించాలి అన్నది ఆయన సిద్ధాంతం. ప్యాకెట్లో ఒక్క బిస్కట్టు కూడా విరగకూడదని ఒకసారి లక్ష్యం పెట్టుకుని, దాన్ని అక్షరాలా సాధించారు. ఆ నెల బిస్కట్టు తినదలచుకున్నవాళ్లు ముందు సుత్తి వెతుక్కోవలసి వచ్చింది. అయినా విరగలేదు కదా అని ఆయన ఇప్పటికీ వాదిస్తారు.

"ఏడవకుండా అంటే ఎంతోయ్?" అన్నారు కొలబద్ద గారు. "తక్కువ ఏడవడమా, అసలు ఏడవకపోవడమా? లక్ష్యం స్పష్టంగా ఉండాలి."

చెప్పుల్లో కాలు పెడుతున్న బుజ్జత్త, "అసలు లేకుండానే అనుకోండి," అనేసి గేటు దాటింది. లోపలినుంచి అత్తగారు, "వాడితో అలా అనకే అమ్మాయ్," అంటూనే ఉన్నారు గానీ ఆ మాట ఆమె చెవిన పడలేదు.

ఆ తర్వాత ఇంట్లో జరిగినదంతా అత్తగారు చెప్పగా ఆమెకు తెలిసింది.

కొలబద్ద గారు ముందుగా పిల్లలు ఎందుకు ఏడుస్తారో ఆలోచించారట. ఆటవస్తువుల కోసం కొట్టుకుని ఏడుస్తారు. అందుకని బొమ్మలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. కింద పడి ఏడుస్తారు. అందుకని ఇంట్లో ఉన్న పరుపులన్నీ, అత్తగారు పడుకున్నదానితో సహా, తెచ్చి ముందుగదిలో పరిచారు. ఆకలేసి ఏడుస్తారు. అందుకని ఎవరి నోరైనా ఖాళీ అయిందంటే చాలు, ఓ బిస్కట్టు పెట్టేశారు. పనివాడితనం అంటే అదీ. అప్పటికి ఇల్లు ప్రశాంతంగానే ఉందని అత్తగారు కూడా ఒప్పుకున్నారు.

చిక్కంతా గుండుగాడితో వచ్చింది. వాడి తల్లి బ్యాంకులో పనిచేస్తుంది. ఆవిడ ఆలస్యంగా వచ్చి వాణ్ణి దింపి వెళ్లబోతే, వాడు రోజూలాగే ఆవిడ కొంగు పట్టుకుని మూతి బిగించాడు. రోజూ అయితే ఆవిడ వెళ్లిపోతుంది, వాడు కాస్త ఏడుస్తాడు, బుజ్జత్త ఎత్తుకుంటుంది, రెండు నిమిషాల్లో వాడికి ఆ సంగతే గుర్తుండదు. కొలబద్ద గారు మాత్రం అడ్డంగా నిలబడ్డారు. తల్లి వెళితే వాడు ఏడుస్తాడు గనక తల్లి వెళ్లడానికి వీల్లేదన్నారు. తనిఖీ రోజు కదా, ఇదీ ఓ కొత్త నియమం కాబోలనుకుని ఆవిడ గోడకు చేరబడి కూర్చుంది.

ఒక్కడికి అమ్మ ఒళ్లో కూర్చునే భాగ్యం పట్టడం మిగతా పిల్లలు చూశారు. ఒక్కొక్కరి కింది పెదవీ ముందుకు రావడం కొలబద్ద గారు చూశారు. ఇక ఆలస్యం చేయకుండా ఫోను తీసి, తల్లులందరికీ వరసగా ఒకే మాట చెప్పారు.

"మీ బిడ్డ ఇంకా ఏడవలేదు. ఏడవకముందే వచ్చేయండి. తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఈ మాట విన్నాక కాళ్లూ చేతులూ ఆడే తల్లి లోకంలో ఉండదు. నర్సు మూతికున్న మాస్కు తీయకుండానే పరిగెత్తుకొచ్చింది. టైలరమ్మ మెడలో టేపు వేలాడుతుండగానే ఆటో ఎక్కింది. చిట్టి అనే పిల్ల తల్లి సిటీ బస్సు నడుపుతుంది. ఆవిడకు ఫోను వచ్చేసరికి బస్సు స్టాపులో ఆగి ఉంది. లేచి నిలబడి, తన బిడ్డకు ఏదో అయిందనీ, దారి మళ్లించక తప్పదనీ, దిగేవాళ్లు దిగవచ్చనీ ప్రయాణికులతో చెప్పిందట. ఒక్కరూ దిగలేదు. తనకు ఆఫీసుకు ఆలస్యమవుతోందని అంతవరకూ గొణిగిన పెద్దమనిషే, ముందు బిడ్డ సంగతి చూడమ్మా అని గద్దించాడట.

గడియ కొనుక్కుని వీధి మలుపు తిరిగిన బుజ్జత్తకు ముందు కనబడింది ఆ బస్సు. దాని ముఖం తన గేటు ముందుంది, తోక పక్కవీధిలో ఉంది. ఆమె పరిగెత్తుకుంటూ వచ్చి, వాకిట్లో గుమిగూడిన జనాన్ని తోసుకుని గుమ్మంలోకి వెళ్లింది.

ముందుగదిలో ఎక్కడా నేల కనబడలేదు. గోడ పొడవునా తల్లులు, తల్లుల ఒళ్లో పిల్లలు, పిల్లల బుగ్గల్లో బిస్కట్లు. ఎవరూ కిమ్మనడం లేదు. మధ్యలో పరుపుల మీద కొలబద్ద గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు, యుద్ధం గెలిచిన ముఖంతో.

గుమ్మం పక్కన చేతిసంచీ పట్టుకుని ఎవరో ఒకావిడ నిలబడి ఉంటే, ఆవిడా బస్సు దిగివచ్చిన మనిషేననుకుని బుజ్జత్త, "కాస్త ఇది పట్టుకోండమ్మా," అని గడియ ఆవిడ చేతిలో పెట్టింది. పిల్లలకు ఏమీ కాలేదనీ, మిగతా ప్రయాణికుల్ని తీసుకుని వెళ్లి బస్సులో కూర్చోమనీ కూడా చెప్పింది.

"నేను ఇక్కడికే వచ్చానండీ, తనిఖీకి," అంది ఆవిడ నెమ్మదిగా. "బస్సు దిగాక ఇల్లెక్కడో ఎవరినైనా అడుగుదామనుకున్నాను. బస్సే తీసుకొచ్చి ఇంటి ముందు ఆపింది."

చిలికి చిలికి గాలివాన అయిందనుకుంటే, ఆ గాలివానలోనే అధికారిణి కూడా కొట్టుకొచ్చారు. బుజ్జత్త గబుక్కున గడియ వెనక్కి తీసుకుంది.

అధికారిణి గది చుట్టూ చూశారు. ఆటవస్తువులేవని అడిగారు. బీరువాలో పెట్టి తాళం వేశామని కొలబద్ద గారు గర్వంగా చెప్పారు. తల్లులంతా ఇక్కడే కూర్చుంటే ఈ కేంద్రం చేసే పనేమిటని అడిగారు. పొద్దుటినుంచి ఏడుపులు సున్నా అని కొలబద్ద గారు జవాబిచ్చారు. ఆ సున్నాను ఎలా సాధించారో అడిగితే చెప్పాలని ఆయనకు ఎంతో కోరికగా ఉంది. అడగకపోయినా చెప్పేశారు.

అంతా విని అధికారిణి పెన్ను మూసేశారు. "పిల్లలున్న ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు భయం వేస్తుందండీ," అన్నారు.

పెన్ను మూసిన చప్పుడు బుజ్జత్తకు బోర్డు దించిన చప్పుడులాగే వినిపించింది. బెదిరిపోయి ఊరుకునేదే. కానీ గుండుగాడు బిస్కట్టు నమల్లేక తనవైపే చూస్తున్నాడు. ఆమె వాడి నోటి ముందు అరచెయ్యి పట్టి, వాడు అందులో ఉమ్మేశాక, ఆ చెయ్యి అలాగే పెట్టుకుని అధికారిణివైపు తిరిగింది.

"ఏడవకూడదని అన్నది నేనేనమ్మా. తప్పు నాది. పిల్లలన్నాక ఏడుస్తారు. ఇక్కడ రోజూ ఏడుస్తారు. ఏడిస్తే ఎత్తుకోవడానికి నేనున్నాను. నా పని అదే, ఇంకేం లేదు."

"మాటలు అందరూ బాగానే చెబుతారు," అన్నారు అధికారిణి. అయితే సంచీ మాత్రం భుజాన వేసుకోలేదు.

కొలబద్ద గారు నడుం మీది చేతులు దించేశారు. తర్వాత ఆయన ముఖం మళ్లీ వెలిగింది. లక్ష్యం తప్పు దిక్కున పెట్టుకున్నాం, అంతే కదా. సున్నా కాకూడదు, ఒకటో రెండో ఉండాలి. వెంటనే గుండుగాడి ముందు గొంతుక్కూర్చుని కళ్లు ఉరిమారు. వాడు కిలకిలా నవ్వాడు. వాడి చేతిలోని బిస్కట్టు లాక్కున్నారు. వాడు పక్కవాడి బిస్కట్టు కూడా తీసి ఆయనకిచ్చాడు. బీరువా తెరిచి బొమ్మ ఒకటి చిట్టికిచ్చి మళ్లీ లాక్కున్నారు. ఇదేదో కొత్త ఆట అనుకుని పిల్లలంతా, నాకు, నాకు అని చేతులు చాచారు. కొలబద్ద గారి జీవితంలో ఇంత ఘోరంగా విఫలమైన లక్ష్యం మరొకటి లేదు.

ఆయన వెనక్కి ఒక అడుగు వేశారు. రెండు పరుపుల మధ్య సందులో కాలు ఇరుక్కుంది. తెరిచి ఉన్న బీరువా తలుపుకు మోకాలు టంగుమని తగిలింది. కొలబద్ద గారు కూలబడి, "అమ్మా," అని ఇల్లెగిరిపోయేలా అరిచారు. కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి.

బుజ్జత్త అప్పటికే ఆయన పక్కన కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె వెనకే తల్లుల ఒళ్లలోంచి పిల్లలంతా జారి, పాకేవాళ్లు పాక్కుంటూ, నడిచేవాళ్లు పడుతూ లేస్తూ వచ్చి ఆయన్ను చుట్టుముట్టారు. చిట్టి మోకాలి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. గుండుగాడు బీరువా తలుపును అరచేత్తో గట్టిగా నాలుగు బాది, "కొట్టేశాను, ఇంక ఏడవకు," అన్నాడు. ఒక బుడత తాను సగం తిన్న బిస్కట్టు ఆయన నోట్లో కుక్కింది. ఇంకా మాటలు సరిగ్గా రాని ఒకడు ఆయన బట్టతల నిమురుతూ కూర్చున్నాడు.

అధికారిణి సంచీ కింద పెట్టి దగ్గరికి వచ్చారు. ఇవన్నీ పిల్లలకు ఎవరు నేర్పారని అడిగారు. బుజ్జత్తకు నిజంగానే తెలియలేదు. తాను ఎవరికీ ఏమీ నేర్పలేదంది. తల్లులు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తమ ఇళ్లలోనూ పిల్లలు ఇలాగే ఊదుతున్నారనీ, తలుపుల్ని కొడుతున్నారనీ నర్సు చెప్పింది. టైలరమ్మ కళ్లు తుడుచుకుంది.

అత్తగారు లోపలి గుమ్మంలో నిలబడి, "ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదంటారు గానీ, మావాణ్ణి ఏడ్చినప్పుడే నమ్మొచ్చు," అన్నారు.

అధికారిణి పెన్ను మళ్లీ తెరిచారు. "ఎవరు ఏడుస్తారో చూడ్డానికి కాదమ్మా నేను వచ్చింది. ఏడిస్తే ఎవరు పరిగెత్తుకొస్తారో చూడ్డానికి. చూశాను," అన్నారు. అక్కడే కూర్చుని అనుమతి రాసి ఇచ్చారు. గడియ సాయంత్రంలోపు బిగించాలన్నారు. పెద్దాయన్ని మాత్రం సిబ్బందిలో చేర్చలేదనీ, పిల్లలతో పాటే లెక్కవేశాననీ చెప్పారు.

ఆ మాట వాకిట్లోకి చేరేసరికి బస్సు జనమంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆఫీసుకు ఆలస్యమైన పెద్దమనిషి, మా మనవరాలికి ఇక్కడ చోటుందా అమ్మా అని కిటికీలోంచి అడిగాడు. అతని వెనకే మరో ఇద్దరు నిలబడ్డారు. బుజ్జత్త అనుమతి పత్రాన్ని గుండెకు హత్తుకుని, అందరికీ చోటుందంది. సంతోషం పట్టలేక కాబోలు, చోటు ఎంతుందో కూడా చూసుకోలేదు.

తర్వాత తల్లులు లేచారు. బ్యాంకుకూ ఆసుపత్రికీ కుట్టుమిషను దగ్గరికీ వెళ్లాలి కదా. బస్సు హారను మోగింది. ఒళ్లో కూర్చోబెట్టుకున్న అమ్మ అంతలోనే వెళ్లిపోవడం ఏ బిడ్డ సహిస్తుంది? ముందు గుండుగాడు అందుకున్నాడు, ఆ వెంటనే చిట్టి, ఆ పైన గది గదంతా. పైకప్పు ఎగిరిపోయేలా అందరూ ఒకేసారి ఏడుపు లంకించుకున్నారు. బుజ్జత్త ఒకణ్ణి చంకనెత్తుకుని, ఒకర్తెను భుజాన వేసుకుని, మిగతావాళ్లను కాళ్లకు చుట్టుకోనిచ్చి, ఆ మోతలో నిండుగా నవ్వుకుంది. ఆ ఇంట్లో అంత కమ్మని చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు.

కొలబద్ద గారు మోకాలికి కట్టుతో పరుపు మీద పడుకుని, రెండు చెవుల్లోనూ దూది పెట్టుకున్నాక, తన లెక్క ప్రకారం ప్రస్తుతం ఎవరూ ఏడవడం లేదని ప్రకటించారు.