టఫీ దినానికి రాని కాకి

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికే నెల పట్టింది, ఆ ఆలస్యానికి కూడా.

మన్సూరాబాద్ శ్రీనిలయం అపార్ట్‌మెంట్ వాసులకు విచారంతో తెలియజేయునది ఏమనగా, టఫీ అనే కుక్కపిల్ల ఆదివారం ఉదయం స్వర్గస్థురాలైంది. వయసు పదకొండు రోజులు. నివాసం, సంఘం అధ్యక్షులు వెంకటనర్సయ్య గారి పదేళ్ల కూతురు సౌందర్య చేతిలోని వీడియో గేమ్.

అధ్యక్షుల వారింటి కుక్క గనుక నలభై ఫ్లాట్ల వారూ దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. రెండో అంతస్తు మహేందర్ గాలి మార్పు కోసం రోజూ మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాకా తిప్పుకొచ్చేవాడు. గీత టీచర్ మిరపకాయలతో దిష్టి తీసేది. స్నానం చేయిస్తే తెర మీద నక్షత్రాలు మెరుస్తాయని అందరూ తలా ఒకసారి చేయించారు. రోజుకు నలభై స్నానాలతో టఫీకి జలుబు చేసింది. తర్వాతి సంగతి పైన మనవి చేశాను.

అదే ఆదివారం జరిగిన సంతాప సభలో మరో తీర్మానం కూడా ఆమోదం పొందింది. గేటు దగ్గర పడుకునే కర్రి అనే నల్ల కుక్క అపార్ట్‌మెంట్ అందాన్ని చెడగొడుతోంది గనుక మంగళవారం కుక్కల బండిని పిలిపించాలి. మెట్లు ఊడ్చే అండాలమ్మ ఆ మాట విని ఊడ్చిన మెట్టునే మళ్లీ ఊడ్చింది. నాలుగేళ్లుగా తెల్లవారుజామున బస్సు దిగిన తనకు తోడుగా గేటు దాకా నడిచొచ్చేది కర్రి ఒక్కటే.

మంగళవారం మూడో దినం. డాబా మీద ఆకు వేసి పెరుగన్నం, నూడుల్స్, బిస్కెట్లు వడ్డించారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. కాకి నీళ్ల ట్యాంకు మీదే కూర్చుంది, కిందికి రాలేదు. పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలితేనే అట్లా జరుగుతుంది. అధ్యక్షుల వారు చేతులు జోడించారు.

"టఫీ తల్లీ! కొత్త చార్జర్ కొంటం. వైఫై స్పీడ్ పెంచుతం. నీ పేరు మీద లిఫ్ట్‌ల అద్దం పెట్టిస్తం."

కాకి ముఖం తిప్పుకుంది. గంట గడిచింది. అందరి కడుపులూ కాలుతున్నాయి.

"అండాలమ్మా, పెద్దదానివి, జర నువ్వన్న చెప్పరాదు?" అంది గీత టీచర్.

ఆకు పక్కనే పొడుగు చీపురు నిలబెట్టుకుని ఉన్న అండాలమ్మ కళ్లు మూసుకుంది. "కర్రి కోసం పరేషాన్ అయితున్నట్టుంది సారూ. దాన్ని బండెక్కిస్తుంటే దీనికెట్ల ముద్ద దిగుతది? ఎంతైనా చుట్టం గదా."

"గేమ్‌ల కుక్కకు గల్లీ కుక్క చుట్టమేందమ్మా?" అన్నారు అధ్యక్షుల వారు.

"మరి గేమ్‌ల కుక్కకు దినమెట్ల చేస్తున్నం సారూ?"

అధ్యక్షుల వారు సంఘం నిబంధనావళిని ఈ చివర నుంచి ఆ చివరకు తిరగేసి జేబులో పెట్టుకున్నారు. సౌందర్య వెక్కుతోంది. "సరే తల్లీ! కర్రిని పంపం. నలభై ఇండ్లోళ్లం కలిసి సాదుతం!" అని అధ్యక్షుల వారు మాటిచ్చి కళ్లు మూసుకున్నారు. అందరూ మూసుకున్నారు. అండాలమ్మ మాత్రం కళ్లు తెరిచి, చీపురును మెల్లగా నేలకు దించి, కాలితో వెనక్కి నెట్టింది. కాకి రివ్వున వచ్చి ఆకు మీద వాలింది. పదకొండింటికి వచ్చిన కుక్కల బండి ఖాళీగా వెళ్లిపోయింది.

సంఘం మాట తప్పలేదు. మర్నాడు పొద్దున్నే 'కర్రి కుటుంబం' అని వాట్సాప్ గ్రూపు పెట్టి, నలభై ఫ్లాట్ల వారూ నలభై అన్నం గిన్నెల బొమ్మలు పంపారు. అధ్యక్షుల వారు రెండు పంపారు. ఇంత తింటే అజీర్ణం చేస్తుందని మహేందర్ ఆందోళన వెలిబుచ్చగా, కర్రికి రెండు రోజులు లంకణం పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

గేటు దగ్గర అండాలమ్మ తన టిఫిన్ డబ్బా విప్పి, జొన్నరొట్టె సగానికి తుంచింది.

ఇది చదివి మీ మనసు కరిగి ఉంటే చాలా సంతోషం. గ్రూపులో మీకూ చోటుంది. మీరూ ఒక గిన్నె బొమ్మ పంపండి.

ఇట్లు,
తిరుపతమ్మ, అరవై ఎనిమిదేళ్లు,
ప్రస్తుతం ఉండేది మీర్‌పేట్, అండాలమ్మ పక్కింట్లో.