ఒకే కుర్చీ, ఒకే గంట

మా ఒహాయో రాష్ట్రంలో ముసలివాళ్ల కష్టాలు కిందటి నెలలో ఒక బుధవారంతో తీరిపోయాయి. సెనేటర్ వెండెల్ స్ట్రూబ్ గారు స్వయంగా మా భోజనాల హాల్లో మైకు పట్టుకుని ప్రకటించారు గనక ఇందులో అనుమానానికి తావు లేదు.

"ఇకమీదట రెండు పరీక్షలు ఉండవు! ఒకే కుర్చీ, ఒకే గంట, ఒకే నిర్ణయం!" అన్నారాయన. వెనక బ్యానర్ మీద ఆయన నవ్వు మా గది కిటికీ కంటే పెద్దది.

ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపినదాన్ని, బ్రేకుల్లేని బండిని చూస్తే పోల్చుకోగలను. అయినా చప్పట్లు కొట్టాను. పక్కనున్న ఇర్మా మోచేత్తో పొడిచింది. "ఆపవే లొరేటా! చేతులు బాగున్నాయని రాసేసుకుంటారు."

ఆపేశాను.

మేముండే చోటు పేరు హెరాన్ పాయింట్. కాస్త చేతసాయం కావలసిన ముసలివాళ్లు ఉండే హోము. ఇక్కడ ఉండాలంటే రెండు పరీక్షలు నెగ్గాలి. మొదటిది రాష్ట్రం పంపే నర్సుది. కుర్చీలోంచి సొంతంగా లేచామో, మా తరఫున ప్రభుత్వం కట్టే డబ్బు ఆగిపోతుంది. రెండోది హోము నర్సుది. కుర్చీలోంచి లేవలేకపోయామో, నిప్పంటుకుంటే గుమ్మం దాటలేరని చెప్పి బయటికి పంపేస్తారు. మొదటి పరీక్ష మంగళవారం, రెండోది శుక్రవారం. కాబట్టి మంగళవారం మూలిగేవాళ్లం, శుక్రవారం గంతులేసేవాళ్లం. ఏళ్ల తరబడి ప్రభుత్వమూ సంతోషంగా ఉంది, హోమూ సంతోషంగా ఉంది. ఇప్పుడు సెనేటర్ గారు మేము రెండుసార్లు తల దువ్వుకునే శ్రమ తప్పించారు.

ఈ విద్యలో ఇర్మా జెలెంకాను మించినవాళ్లు లేరు. బేకరీలో పనిచేసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఆమె భర్త మిలోష్ కూడా ఇక్కడే ఉంటాడు. అతనికి తన పేరు గుర్తులేదు, ఊరు గుర్తులేదు. ఇర్మా పేరూ, ఇర్మా పట్టిన చెంచా మాత్రమే గుర్తున్నాయి. ఇంకెవరు పట్టినా నోరు తెరవడు.

ప్రకటన విన్న సాయంత్రమే ఇర్మా నన్ను వెంటబెట్టుకుని మా డైరెక్టర్ టాడ్ బ్రెన్నెకె గారి గదికి వెళ్లింది.

"బాబూ టాడ్, ఇద్దరు నర్సులూ కలిసి లెమ్మంటే నేను లేవాలా, కూర్చోవాలా?"

"మీరు సహజంగా ఉండండి మేడమ్."

"సహజంగా ఉంటే డబ్బెవరు కడతారు నాయనా?"

టాడ్ గారు చిరునవ్వు నవ్వారు. ఆ చిరునవ్వు నెల అద్దెలోనే కలిసి వస్తుంది. మిగతావన్నీ విడిగా. "మీ ఆందోళనను మేం గౌరవిస్తాం. అన్నట్టు లొరేటా గారూ, ఈవిడకి మేజోడు మీరు తొడుగుతున్నారట?"

"ఒక కాలికే."

"లైసెన్సు లేకుండా సంరక్షణ చేయడం నిబంధనలకు విరుద్ధం. మా సిబ్బంది తొడిగితే లెవెల్ టూ సంరక్షణ కింద లెక్క. బిల్లు పెరుగుతుంది. కానీ గౌరవంగా పెరుగుతుంది."

"మరి రెండో కాలికి?" అడిగాను.

"అది ప్యాకేజీలోనే ఇచ్చేస్తున్నాం."

ఇంత ధర్మాత్ముణ్ణి నేను మరెక్కడా చూడలేదు.

పరీక్ష రోజున హాలు మధ్యలో కుర్చీ వేశారు. అటు రాష్ట్రం నర్సు, ఇటు హోము నర్సు, ఎదురుగా సెనేటర్ గారు, చుట్టూ కెమెరాలు. మొదటి పిలుపు ఇర్మాకే.

"లేవండి మేడమ్" అన్నారు నర్సులిద్దరూ ఒక్క గొంతుతో.

ఇర్మా కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచింది. అక్కడ ఆగిపోయింది. బేకరీలో పొయ్యిలోంచి రొట్టెల పళ్లెం లాగడానికి వంగినట్టు, అలాగే ఉండిపోయింది.

"ఇది లేచినట్టేనా?" అంది రాష్ట్రం నర్సు.

"కూర్చున్నట్టయితే కాదుగా" అంది హోము నర్సు.

"మేడమ్, కాస్త పూర్తిగా లేస్తారా?"

"ముందు మీరిద్దరూ తేల్చుకోండమ్మా" అంది ఇర్మా పళ్లు బిగించి. "లెమ్మంటే లేస్తా, కూర్చోమంటే కూర్చుంటా. నాకేం పట్టింపు లేదు."

ఇద్దరూ నిబంధనలన్నీ తిరగేశారు. సగం లేవడం గురించి ఎక్కడా లేదు. సెనేటర్ గారి బుర్ర మాత్రం పాదరసం.

"సబ్ కమిటీ వేద్దాం! నివేదిక వచ్చేదాకా యథాతథ స్థితి!"

"అంటే ఈవిడ ఇలాగే వంగి ఉండాలా?" అన్నాను.

"ఆమె సహకారానికి రాష్ట్రం రుణపడి ఉంటుంది" అని, ఫోటో కోసం ఇర్మా భుజం మీద చెయ్యి వేసి ఆనుకున్నారు. ఆ బరువుకి కూడా ఇర్మా కూర్చోలేదు.

అంతలో భోజనాల బండి వచ్చింది. టొమాటో సూప్. కిటికీ పక్క బల్ల దగ్గర మిలోష్ ముందు గిన్నె పెట్టి, ఒకమ్మాయి చెంచా నోటిదాకా తీసుకెళ్లింది. అతను పెదాలు బిగించాడు. తల అటూ ఇటూ తిప్పాడు.

"ఇర్మా?" అన్నాడు మిలోష్.

"కదలకే. నీకు పుణ్యముంటుంది, కదలకు" అన్నాను.

"చల్లారిపోతుందే" అంది ఇర్మా. లేచింది. పూర్తిగా లేచింది. దొరికిన కుర్చీ వీపునల్లా పట్టుకుంటూ హాలు దాటి, మిలోష్ పక్కన కూలబడి చెంచా అందుకుంది. చెయ్యి వణికి సగం సూప్ అతని చొక్కా మీద ఒలికింది. మిగతా సగానికి అతను నోరు తెరిచాడు.

"బాగుందా?"

"వేడిగా లేదు."

"ఉపన్యాసాలయ్యేదాకా ఏది వేడిగా ఉంటుందిలే. మింగు."

నర్సులిద్దరూ ఒకేసారి రాసుకున్నారు. ఎవరి సాయమూ లేకుండా నడిచింది, ఇక ప్రభుత్వ చెల్లింపు అక్కర్లేదు అని రాష్ట్రం నర్సు. చేతులు వణుకుతున్నాయి, ఆసరా లేకుండా నడవలేదు, మేము ఉంచుకోలేము అని హోము నర్సు.

సెనేటర్ గారి కళ్లు చెమర్చాయి. "చూశారా! ప్రభుత్వమూ ప్రైవేటూ ఒక మనిషి విషయంలో ఒక్కమాట మీదికి రావడం ఇదే మొదటిసారి!"

టాడ్ గారు మమ్మల్ని చప్పట్లు కొట్టమని సైగ చేశారు. చేతుల్లో చెంచాలు ఉండటంవల్ల ఎవరికీ కుదరలేదు.

ఇర్మా ఇప్పుడు పక్క రాష్ట్రం ఇండియానాలో మేనకోడలి గరాజు మీది గదిలో ఒక్కతే ఉంటోంది. మెట్లు దిగలేకపోతోంది. మిలోష్ మాత్రం ఇక్కడే, కిటికీ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఆ కుర్చీకి సెనేటర్ గారి పేరుతో ఇత్తడి పలక బిగించారు.

నెలాఖరు సమావేశంలో టాడ్ గారు ఇంకో శుభవార్త చెప్పారు. భోజనాల ఖర్చు తగ్గిందట. కిటికీ పక్క బల్ల నుంచి సూప్ గిన్నె రోజూ నిండుగానే వంటింటికి తిరిగొస్తోంది. నాణ్యత పెరిగితే కొంచెంతోనే కడుపు నిండుతుందని ఆయన వివరించారు. ఈ పద్ధతిని రాష్ట్రమంతటా అమలు చేస్తామని సెనేటర్ గారు అక్కడికక్కడే హామీ ఇచ్చారు.