దిగని దిగుమతి

విదేశం నుంచి కొన్న యుద్ధవిమానం నిరుడు శ్రావణంలోనే ఎర్రమెట్ట వైమానిక స్థావరానికి వచ్చింది గానీ, ఇంతవరకు నేలమీద దిగలేదు. దాన్ని నడిపి తేవడానికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ పరాంకుశం కూడా అందులోనే ఉన్నాడు. రోజూ సాయంత్రం క్వార్టర్స్ మీదుగా వెళ్తూ ఒక రెక్క వంచుతాడు. మేడమీద బట్టలు తీస్తున్న భార్య అలివేలు చెయ్యి ఊపుతుంది. ఊళ్లో వాళ్లు ఆ చప్పుడు వినే పాలు తోడుపెట్టుకుంటారు.

గొడవ చిన్నదే. ఎగరడం అమ్మకం ఒప్పందంలో ఉంది. చక్రాలు దించడం నిర్వహణ ఒప్పందంలో ఉంది. విమానం దిగుమతి అయ్యాకే నిర్వహణ మొదలవుతుందని అమ్మిన కంపెనీ అంటుంది. నేలమీద దిగని సరుకును దిగుమతి అనడం భాషకే విరుద్ధమని మన కస్టమ్స్ వారంటారు. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదన్న సామెత మనకు ఎప్పటినుంచో ఉంది. దానిమీద రెండు ప్రభుత్వాలు సంతకాలు పెట్టడం మాత్రం ఇదే మొదలు.

ఇంధనం అమ్మకం ఒప్పందంలోదే కాబట్టి ఇంకో విమానం పైకి వెళ్లి గాలిలోనే పోసి వస్తుంది. దాంతోపాటే అలివేలు క్యారియర్ వెళ్తుంది. మలుపుల్లో పులుసు ఒలుకుతుందని ఆమె పప్పు గట్టిగా వండుతుంది. అంత ఎత్తున ఆవలిస్తే నోట్లోకి మబ్బు పోతుందా, జుట్టు ఎవరు కత్తిరిస్తారు అని మొదట్లో ఆమెకు అన్నీ వింతే. అతను వెళ్లేనాటికే కడుపులో ఉన్న కూతురు తర్వాత పుట్టింది. ఆ పిల్లకు తండ్రి అంటే చప్పుడు. మిక్సీ తిరిగినా "నాన్నా" అంటూ పాకుతూ వస్తోంది. అది చూసినరోజు అలివేలుకు ఏడుపు ఆగలేదు. పిల్లను చంకనేసుకుని ఒప్పందాల అధికారి దండపాణి దగ్గరికి వెళ్లింది.

"దిగు అన్న మాట దగ్గరే కదండీ చిక్కు. దిగుమతి తీసేసి రాక అని రాస్తే పోదూ?" అంది.

దండపాణి కళ్లజోడు తీసి, నిజంగానే ఆలోచించాడు. ఇంతమంది పండితులకు తట్టని ఉపాయమని మెచ్చుకున్నాడు కూడా.

"రాయొచ్చమ్మా. కానీ రాక ఉంటే పోక కూడా ఉండాలిగా. పోక మూడో ఒప్పందంలో ఉంది. అదింకా రాలేదు."

అయినా ఆమె మాట పైకి పంపాడు. పైనుంచి ఒక సంఘం వచ్చి, మెడలు నొప్పి పుట్టేదాకా ఆకాశం చూసి వెళ్లింది. ఈ విమానం ఒక్కసారి కూడా కూలలేదని, టైర్లు ఇసుమంతైనా అరగలేదని, ఇంత క్షేమమైన విమానం దేశంలో మరొకటి లేదని తేల్చింది. అవే షరతులమీద ఇంకో డజను కొన్నారు. వివాదం సామరస్యంగా ముగిసిందని ఇరుపక్షాలూ లడ్డూలు పంచాయి. అలివేలుకు కడుపు మండిపోయింది. లడ్డూ విసిరికొడదామనుకుంది గానీ, పిల్ల చెయ్యి చాపితే దానికే పెట్టింది.

కొత్త పైలట్ల భార్యలకు వంట నేర్పే ఉద్యోగం అలివేలుకే ఇచ్చారు. మొదటి తరగతి మేడమీదే పెట్టింది. పారాణి ఆరని హిమబిందు అనే అమ్మాయి ఆకాశంకేసి చూస్తూ, "మావారు ఎప్పుడు దిగుతారక్కా?" అని అడిగింది.

అలివేలు ఆమె చేతిలో క్యారియర్ పెట్టింది.

"ముందు మూత బిగించడం నేర్చుకో తల్లీ."

హిమబిందు మూత బిగించి, క్యారియర్ తలకిందులు చేసి చూపించింది. చుక్క కూడా కారలేదు. మొదటిసారికే ఇంత బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.