డాక్టరు రాయని పరీక్ష

"ఒరేయ్, అది ఉత్త కడుపుమంట కాదేమోరా! లోపల ఏ గడ్డో మొలిచిందేమో!"

లిఫ్టులు బాగుచేసే మా అబ్బాయి బూటు లేసు కట్టుకుంటుంటే నేనన్న మాట ఇది. వాడు "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" అంటే అవుననా, కాదనా, ఆకలేస్తోందనా? ఇరవయ్యారేళ్లుగా పెంచుతున్నాను, నాకే తెలియదు!

అందుకే పాఠకులారా, ఢంకా బజాయించి చెబుతున్నాను: ట్యూమర్ మార్కర్ పరీక్ష తల్లులకు దొరికిన వరం! పొట్టలోనో పేగుల్లోనో గడ్డ ఉంటే నెత్తుట్లో ఏవో పదార్థాలు పెరుగుతాయట. పిల్లలు నోరు విప్పరు. నెత్తురికి ఆ బెట్టు లేదు. సూది గుచ్చితే చాలు, చెప్పేస్తుంది!

డాక్టరు రాయాలంటారా? ఎందుకండీ? ల్యాబులో ప్యాకేజీ ఉందిగా! ఒకరికి చేయిస్తే ఇంకొకరికి ఉచితం. మావారినీ కూర్చోబెట్టాను. ఆయనకు సీఈఏ అనే ఆ మార్కరు ఒకటిన్నర వచ్చింది. ఫస్టుక్లాసులో పాసైనవాడిలా కాగితం పట్టుకుని అందరికీ చూపిస్తూ మా అపార్టుమెంటు మెట్లన్నీ ఎక్కి దిగారు. అది చూసి తనూ చేయించుకున్న పక్కింటి వదినకు రెండున్నరట. పాపం, మూడు రోజులు మా గుమ్మం తొక్కలేదు.

మావాడికి నాలుగున్నర! మూడు దాటకూడదట. అంకె పక్కన ఎర్రబాణం, పైకి చూస్తూ! పైకంటే ఎక్కడికండీ?

వాణ్ని రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

"ఈ పరీక్ష ఎవరు చేయించమన్నారు?"

"నేనేనండీ."

"మీరు డాక్టరా?"

"తల్లినండీ."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. గడ్డ లేకున్నా ఆ అంకె పెరగొచ్చట, ఉన్నా పెరగకపోవచ్చట. ఒక్క అంకెతో ఏదీ తేలదట! వాడి పొట్ట నొక్కి చూసింది. ఆకలి, బరువు, విరేచనం, అన్నీ అడిగింది. అన్నింటికీ నేనే జవాబు చెప్పాను.

"మందు రాస్తాను. తగ్గకపోతే గొట్టం వేసి లోపల చూద్దాం. సిగరెట్లు కాల్చేవాళ్లకు ఐదు దాకా మామూలే. కాలుస్తాడా?"

"ఛఛ! మావాడికి టీ కూడా అలవాటు లేదండీ!"

"మిమ్మల్ని కాదమ్మా."

నేను మళ్లీ నోరు తెరవబోతే చెయ్యి అడ్డుపెట్టింది. బయట నర్సు ముగ్గురిని పేరు పెట్టి పిలిచింది. వాడు నేలమీది పలకలు లెక్కపెడుతున్నాడు. నోటితో తేలే సంగతికి మూడు గొట్టాల నెత్తురు తీయించాను కదా అనిపించింది నాకు.

చివరికి వాడే డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"రోజుకి నాలుగు, మేడమ్. అమ్మ కంగారుపడిన రోజు పెట్టె మొత్తం."