పిడకలో పోయిన టమాటా

తొలకరి జల్లు పడిన మర్నాడు పొద్దున్నే యలమందయ్య చేయదలుచుకున్న పని ఒక్కటే, టమాటా నారు పోయటం. బావి పక్కన మడి తవ్వి, మట్టి మెత్తగా చేసి, నీళ్లు చల్లి, గింజల కోసం దొడ్డిగోడ దగ్గరికి వెళ్లాడు. గోడ ఖాళీగా ఉంది.

సత్తెనపల్లి చుట్టుపక్కల అందరూ మిరప నారు పోసుకుంటుంటే, ఆ ఊళ్లో టమాటా పెంచే మనిషి అతనొక్కడే. ఎప్పుడో గుంటూరులో ఒక పొగాకు దొరగారి బంగళా తోటమాలి అతని తండ్రికిచ్చిన విత్తనం అది. గుమ్మడికాయలా గాడులు దేరి, అరచేతినిండా వచ్చే కాయ. కిందటి చలికాలం మేకలు పడి మొక్కలన్నీ మేసిపోగా ఒక్క కాయ మిగిలింది. దాని గింజలు పురుగు పట్టకుండా పేడముద్దలో కలిపి గోడకు కొట్టాడు. అన్ని పిడకల మధ్యా అదీ ఒక పిడక.

"పిచ్చమ్మా! గోడమీద పిడకలేవే?"

"మబ్బు పట్టిందని నిన్ననే తీశా," అంది భార్య పొయ్యి ఊదుతూ. "సగం అటకమీదేశా. బసవమ్మ అడిగితే ఓ గంపెడు ఇచ్చా."

"అందులో నా టమాటాలున్నాయే!"

"పిడకలో టమాటాలేంటయ్యా, పొద్దున్నే?"

అటకమీదవన్నీ విరిచి చూశాడు. లేవు. బసవమ్మ ఇంటికి పరుగెత్తాడు. ఆవిడ వరసకు పిన్ని. పచ్చిమాంసంలా ఉండే ఆ కాయను గుమ్మం తొక్కనివ్వదు. టమాటా కోసమని చెబితే పిడకల మీద చెయ్యి కూడా వేయనివ్వదని అతనికి భయం.

"పిన్నీ, నీ పిడకలు ఒక్కసారి చూడనియ్యి."

"చూడ్డానికేముందిరా, అదేమన్నా పెళ్లికూతురా?"

అతను అప్పటికే పిడకల గూడు ముందు చతికిలబడి ఒక్కొక్కటే నలిపి పొడి చేస్తున్నాడు.

"ఒరేయ్! పొయ్యిలోకిరా అవి! ఏం పారేసుకున్నావురా అందులో?"

"బంగారం పిన్నీ! నా మటుకు నాకు బంగారమే!"

రెండో మాట బసవమ్మ వినలేదు. అతని పక్కన కూర్చుని తనూ నలిపి, బంగారం కానిదల్లా పక్కకు పారబోయటం మొదలుపెట్టింది.

పక్కింటి రోశయ్య గోడమీంచి తొంగిచూసి సంగతి అడిగాడు. యలమందయ్య పిడకలో బంగారం పెట్టాడని బసవమ్మ చెప్పింది. ఆ పొద్దునే ఆవిడ దగ్గర నాలుగు పిడకలు బదులు తీసుకున్న రోశయ్య గబగబా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. పట్టపగలు రోశయ్య ఇంటి తలుపేసి ఉండటం ఊరు ఎన్నడూ ఎరగదు. పిడక బదులివ్వని ఇల్లూ, పుచ్చుకోని ఇల్లూ అక్కడ లేవు. మొదట ఉంగరమన్నారు. సత్తెనపల్లి బస్సు వచ్చేసరికి అది కాసులపేరయింది. మధ్యాహ్నానికి ఊళ్లో ముక్క కాని పిడక లేదు, రాజుకున్న పొయ్యీ లేదు.

"నాకు తెలీకుండా కాసులపేరు ఎవరికి చేయించావయ్యా?" అంది పిచ్చమ్మ, నడివీధిలో నడుం మీద చేతులేసుకుని.

యలమందయ్య పక్కనున్న బండెక్కి అరిచాడు. "కాసులపేరూ లేదు, పాడూ లేదు! నేను వెతికేది టమాటా గింజలు!"

జనం ఒక్క క్షణం ఆలోచించారు.

"గింజల కోసం ఎవడన్నా పొద్దుటినుంచీ పేడ పిసుకుతాడా?" అన్నాడు రోశయ్య. "వీడికి దొరికేసిందిరోయ్! మాట మారుస్తున్నాడు!"

ఊరంతా అతని వెంటే ఇంటికొచ్చి, అతను విరిచిన ముక్కల్ని కూడా పొడి చేసింది. సాయంత్రం కుండపోతగా వాన కురిసింది. ఎవరింటి పొడిని వాళ్లు తిట్టుకుంటూ దొడ్లోకి ఊడ్చారు. యలమందయ్య ఖాళీ మడి పక్కన తడుస్తూ కూర్చున్నాడు. తండ్రి చేతి విత్తనం తనతోనే పోయిందని అతని దిగులు. పిచ్చమ్మ కాసులపేరు మాట ఎత్తకుండా చద్దన్నం కలిపి తెచ్చి పెట్టింది.

వానలు కుదురుకున్నాక ఒకరోజు బసవమ్మ దొడ్లో గుబురుగా మొక్కలు కనిపించాయి. యలమందయ్య ఆకు నలిపి వాసన చూశాడు. తన టమాటాయే.

"వంకాయలు కదరా?" అంది బసవమ్మ.

"వంకాయలే పిన్నీ!" అన్నాడతను, పీకేస్తుందేమోనని.

రోజూ వెళ్లి మంచీచెడ్డా అడుగుతూ, ఆవిడ చేతే నీళ్లు పోయించాడు, కర్రలు కట్టించాడు. కాయలు ఎర్రబడ్డాక బసవమ్మ ఒక పూటంతా అతన్ని తిట్టింది. కానీ చేతులారా పెంచిన మొక్కల్ని పీకటానికి ప్రాణం ఒప్పలేదు. ఎవరూ చూడకుండా పచ్చిమిరపకాయలేసి ఒక కాయ పచ్చడి చేసుకుంది. మర్నాడు రెండు కాయలు చేసుకుంది. సంక్రాంతి రాకముందే ఊరంతా వాటిని బసవమ్మ టమాటాలనటం మొదలుపెట్టింది.

చివరికి యలమందయ్య సిగ్గు విడిచి గింజలకని వెళ్లాడు.

"ఇస్తాలే గానీ," అంది బసవమ్మ కాయ కోస్తూ, "అసలు నీకు టమాటా పెంచటం వచ్చట్రా?"

రాదని తలూపి, యలమందయ్య దోసిలి పట్టాడు.